ముప్పై ఏడో నంబరు సర్వీసు రిజిస్టరు

మే 9, 1948. చకేరీ, కాన్పూరు

ఉత్తరాలు ఎలాగూ రాయరు, ఇందులోనైనా రాసుకోండి అని మా ఇంటావిడ తాయమ్మ ఈ నోటుబుక్కు పెట్టెలో బట్టల కింద పెట్టింది. వచ్చిన వారానికి ఇవాళ కనబడింది.

బెంగుళూరు కార్ఖానా నుంచి పదకొండు మందిమి వచ్చాం. అందరిలోకీ పెద్దవాణ్ణి నేనే. పొన్నప్ప సార్ మాకు పైవాడు. కొడగు మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న, పని తెలిసిన ఇంజనీరు. యుద్ధం రోజుల్లో లిబరేటర్లు అనే అమెరికా బాంబర్లు మరమ్మతుకి మా కార్ఖానాకే వచ్చేవి. అప్పట్లో వాటి ఇంజన్లు విప్పి బిగించినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. అందుకే నలభై ఆరేళ్ళవాణ్ణి ఇంత దూరం రప్పించారు.

ఇక్కడ పారేసి పోయిన లిబరేటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికే రెండు రోజులు పట్టింది. తొంభై పైచిలుకు. ఒక్కోటీ నాలుగు ఇంజన్ల బాంబరు. ఎగిరి వెళ్ళగలిగినన్నాళ్ళు వెళ్ళి బర్మా మీద బాంబులు వేసి వచ్చాయి. యుద్ధం అయ్యాక వెళ్ళిపోయే దళాలు వీటిని వెంట తీసుకుపోలేదు. ఇంకెవరికీ అక్కరకి రాకూడదని గొడ్డళ్ళతో మీటర్లు పగలగొట్టారు. ఇంజన్లలో ఇసుక పోశారు. కొన్నిటి నడుం మీదికి బుల్‌డోజరు ఎక్కించారు. రెండేళ్ళకి పైగా గడ్డిలో పడి ఉన్నాయి.

కాశ్మీరులో యుద్ధం నడుస్తోంది. మన వైమానిక దళానికి పెద్ద బాంబరు ఒక్కటి కూడా లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ ఇవి లేవవు అని వెళ్ళారట. లేపుతాం.

రైల్లో కిటికీ పక్కన పడుకున్నాను. గాలి తగిలి ఎడమ చెవి దిబ్బడ వేసింది.

మే 14

ఎండ. పది దాటితే రేకు ముట్టుకోలేం, బొబ్బలెక్కుతోంది.

మే 22

ముప్పై ఏడుని ఎంచుకున్నాం. పొన్నప్ప సార్ ప్రతిదాని ముక్కు మీదా సుద్దతో నంబరు వేయించారు. దీని నడుం విరగలేదు, రెక్కల లోపలి దూలం వంగలేదు. అంతవరకే మంచి. ఇంజన్లు నాలుగూ ఇసుకే. చక్రాల రబ్బరు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెప్పులకి కోసుకుపోయారు. తోక గూట్లో ముంగిస కాపురం పెట్టింది. బుర్రకాయంత కందిరీగల తుట్టె ఒకటి పైలట్ కుర్చీ కింద.

ఇంతకంటే మంచిది ఇక్కడ లేదు.

జూన్ 3

కొత్తవాడు వచ్చాడు. బచిత్తర్ సింగ్, సియాల్‌కోట్ మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. వైమానిక దళంలో ఇంజన్ మెకానిక్కుగా చేశాడట. పోయినేడు సెప్టెంబరులో తల్లిని భుజాన వేసుకుని ఇటు వచ్చాడని, తండ్రి రాలేదని పొన్నప్ప సార్ చెప్పారు. ఇద్దరూ గోవింద నగర్ శిబిరంలో ఉంటున్నారు. అతను మాత్రం ఆ మాట ఎత్తడు.

చిన్న ఇంజన్లే ఎరుగును. వీటి మీద ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. అయినా వచ్చిన గంటకే నాకు పేరు పెట్టాడు.

"ఉస్తాదూ, మీ మద్రాసులో ఇంజన్లకి కూడా ఇడ్లీలే పెడతారా? ఇంత మెత్తగా బిగిస్తున్నావు."

మాది మద్రాసు కాదు, మైసూరు రాజ్యం అని చెప్పాను. వింధ్య దాటితే అంతా మద్రాసే అన్నాడు.

"మేం పానాని చేత్తో తిప్పుతాం సర్దార్‌జీ," అన్నాను. "మీలాగా భుజంతో కాదు."

నవ్వాడు. పనివాడే.

జూన్ 19

ఇంజనుకి పద్నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండరూ విప్పడం, కిరోసిన్‌లో కడగడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ కడగడం. ఇసుక తరగదు. గోళ్ళలో, అన్నంలో, దుప్పట్లో ఇసుకే. మూడు విమానాల ఇంజన్లు కలిపితే ఒక మంచి ఇంజను వస్తోంది. సర్దార్‌కి లోపలి భాగాలు ఒక్కొక్కటే చేతికిచ్చి చెబుతున్నాను. ఒకసారి చెబితే చాలు, రెండోసారి అడగడు.

జలుబు తగ్గలేదు. ఈ ఊళ్ళో దుమ్ము అలాంటిది.

జులై 12

వానలు. పని రెక్కల కింద టార్పాలిన్లు కట్టుకుని చేస్తున్నాం.

ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. ప్రతి విమానానికీ సర్వీసు రిజిస్టరు ఉంటే తప్ప వైమానిక దళం తీసుకోదట. ఎన్ని గంటలు ఎగిరింది, ఎక్కడ దెబ్బ తింది, ఏది మార్చారు, అన్నీ ఉండాలి. పాత పుస్తకాలు తగలబెట్టేసి పోయారు. పొన్నప్ప సార్ ఆ పని నాకే ఒప్పజెప్పారు. విమానం ఒళ్ళు చూసి చదవగలిగింది చదివి రాయండి నంజుండయ్యగారూ, తెలియంది తెలియదని రాయండి అన్నారు.

నాలుగు రోజులుగా చదువుతున్నాను. ఎడమ రెక్క కింద పద్నాలుగు మాసికలు. తోక దగ్గర ఇరవై రెండు. వాటిలో రెండు కార్ఖానాలో వేసినవి కావు. ఆరుబయట, తొందరలో, ఒంటి చేత్తో కొట్టిన రివిట్లు. మూడో ఇంజను నిలబడే చట్రం మిగతా మూడింటికంటే కొత్తది. అంటే అక్కడ ఒకసారి నిప్పు అంటుకుంది. మళ్ళీ నిలబెట్టారు. మళ్ళీ వెళ్ళింది.

పక్క కిటికీలో తుపాకీ దగ్గర నిలబడేవాడెవడో లోపలి గోడ మీద మేకుతో గీతలు గీశాడు. అయిదేసి చొప్పున, మొత్తం ముప్పై ఒకటి. వెళ్ళొచ్చిన ప్రతిసారికీ ఒకటి అయి ఉండాలి. పందొమ్మిదో గీత చుట్టూ సున్నా చుట్టి ఉంది.

అది ఎందుకు చుట్టాడో అని సర్దార్‌ని అడిగాను. ఆ రోజు ఉత్తరం వచ్చుంటుంది, ఆడపిల్ల పుట్టిందనో మగపిల్లాడు పుట్టాడనో, అన్నాడు. నేను పక్కవాడు పోయాడేమో అనుకున్నాను. ఇద్దరం కాసేపు ఆ గీతల ముందే కూర్చున్నాం.

జులై 30

తాయమ్మ ఉత్తరం. నేను ఇక్కడికి వచ్చే ముందు పొయ్యి మీద పాలు పొంగి గిన్నె కిందపడితే పక్క గదిలో ఉన్న నాకు వినబడలేదట. ఆ చెవి సంగతి పొన్నప్పగారికి చెప్పారా, అక్కడ డాక్టరుకి చూపించారా అని నాలుగు పుటలు.

ఆడవాళ్ళకి ప్రతిదీ రోగమే. జలుబు తగ్గిందని రాశాను.

ఆగస్టు 15

జెండా ఎగరేశారు. ఎవరో పెద్దాయన అరగంట మాట్లాడాడు. మైకు బాగాలేదు. అందరూ చప్పట్లు కొడితే కొట్టాను.

ఆగస్టు 29

రెండో ఇంజను కూడా రెక్కకి ఎక్కించాం. సర్దార్ తల్లి మాకు రొట్టెలు, మామిడి పచ్చడి పంపుతోంది. ఆమెని బీజీ అంటారు. నేను రాగి ముద్ద గురించి చెబితే అది మనుషులు తినేదేనా అని అడిగించింది.

ఇక్కడివాళ్ళు మాటని నోట్లోనే నమిలేస్తారు. సర్దార్ ఒక్కడే గట్టిగా మాట్లాడతాడు. ఈమధ్య మరీ గట్టిగా.

సెప్టెంబర్ 17, శుక్రవారం

సాయంత్రం క్యాంటీన్లో రేడియో చుట్టూ అందరూ మూగారు. అందరూ ఒక్కసారి లేచి కౌగలించుకున్నారు. నేనూ లేచి కౌగలించుకున్నాను.

సెప్టెంబర్ 18

హైదరాబాదు లొంగిపోయిందట. పేపర్లో చదివాను.

అక్టోబర్ 4

నాలుగు ఇంజన్లూ ఎక్కాయి. ఒకటోది, రెండోది తిప్పాం. ముందు ప్రొపెల్లరు ఆకులు చేతులతో పట్టుకుని ఎనిమిది మందిమి చుట్టూ తిప్పాం. తర్వాత మీట నొక్కితే దగ్గింది, నల్లగా పొగ కక్కింది, ఆగింది. మళ్ళీ దగ్గింది. అయిదోసారికి అందుకుంది. ముంగిస బయటికి దూకి పరుగెత్తింది.

పొన్నప్ప సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను రెక్క మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఆ అదురు నా మోచేతిదాకా పాకింది. ముప్పై ఒక్కసార్లు వెళ్ళొచ్చిన బండి ఇది. ముప్పై రెండోసారి కూడా వెళ్తుంది.

అక్టోబర్ 11

ఆయుధ పూజ. పానాలు, సుత్తులు, గేజీలు అన్నీ కడిగి పేర్చి పసుపు కుంకుమ పెట్టాం. సర్దార్ కూడా తన పానా తెచ్చి వరసలో పెట్టాడు. బొట్టు పెట్టించుకుని మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు.

అక్టోబర్ 14

నాలుగూ కలిపి నలభై నిమిషాలు తిప్పాం. బ్రహ్మాండం. ఇరవయ్యో తేదీన లోబో సాబ్ దీన్ని బెంగుళూరు తీసుకెళ్తాడు. మంగుళూరు కిరస్తానీ పైలట్. లిబరేటరు ఇంతకు ముందు నడపలేదు. పుస్తకం చదువుకుని నడుపుతానంటాడు.

రిజిస్టరులో నాలుగు ఇంజన్లకీ సంతకం పెట్టాను.

సర్దార్ పెట్టనన్నాడు. మూడోది టక్కుమంటోంది, ప్రతి తిరుగుడుకీ టక్కుమంటోంది అన్నాడు. నాకు వినబడలేదు కాబట్టి లేదన్నాను. నేనే తిప్పి చూస్తాను, వినమన్నాడు. తిప్పాడు. విన్నాను. ఏమీ లేదు.

"ఏమీ లేదా ఉస్తాదూ?"

"ఏమీ లేదు. నువ్వు పాలు తాగే రోజుల్నుంచీ ఇంజన్లు వింటున్నాను."

అందరి ముందూ అన్నాను. అతని మొహం మాడిపోయింది. పొన్నప్ప సార్ మధ్యలోకి వచ్చి, నంజుండయ్యగారు వీటిని చేత్తో పెంచినవారు, మీరు వాదించకండి అని అతన్నే మందలించారు. సర్దార్ ఏదో అనబోయి నా వంక చూసి ఊరుకున్నాడు.

అక్టోబర్ 15

సర్దార్‌కి ఏం తెలుసు.

అక్టోబర్ 16

సర్దార్‌కి ఏం తెలుసు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక మూడో ఇంజను ఆయిల్ జల్లెడ విప్పి చూశాను. ఊరికే. అడుగున నాలుగైదు మెరుపులు. ఇసుక రేణువులు. ఎంత కడిగినా ఎక్కడో కాస్త మిగులుతుంది. కడిగి పెట్టేశాను.

సర్దార్ దూరంగా కూర్చుని రొట్టె తింటున్నాడు. చూశాడో లేదో.

అక్టోబర్ 17, ఆదివారం

నిద్ర లేదు. తెల్లారగానే వెళ్ళి ఇంజను పది నిమిషాలు తిప్పించి మళ్ళీ జల్లెడ విప్పాను. మళ్ళీ మెరుపులు. స్టోర్లోంచి అయస్కాంతం తెచ్చి దగ్గర పెట్టాను.

ఇసుక అయస్కాంతానికి అంటుకోదు.

అంటుకుంది.

అక్టోబర్ 18

పొన్నప్ప సార్‌కి జల్లెడ చూపించాను. లోపల బేరింగు ఏదో అరుగుతోంది, ఇంజను దించాలి అన్నాను. దించాం, విప్పాం. ప్రొపెల్లరు గేరు దగ్గరి బేరింగు పగిలి ఉంది. ఇంకో గంటకో రెండు గంటలకో బిగుసుకుని పట్టేసేది. పట్టేసిందంటే ప్రొపెల్లరు ఊడి క్యాబిన్లోకి వస్తుంది. లోబో సాబ్ కూర్చునే చోటికి.

సంతకం పెట్టాక కూడా మళ్ళీ చూసుకున్నారు, అదీ పెద్దవాళ్ళ పద్ధతి అని పొన్నప్ప సార్ నన్ను అందరి ముందూ మెచ్చుకున్నారు. ఢిల్లీకి పంపే రిపోర్టులో, నంజుండయ్య అప్రమత్తత వల్ల లోపం బయటపడింది అని రాశారు. నాకు చదివి వినిపించారు. కుడివైపు నిలబడి ఉన్నారు కాబట్టి ప్రతి మాటా వినబడింది.

సర్దార్ చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 19

జలుబు కాదు.

అక్టోబర్ 20

ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు. ఈ ఏడు ఉగాదికి ఉందనుకుంటాను. ఇంజన్ల పక్కన ఇరవై ఆరేళ్ళు. కుడిది కూడా కొంత పోయింది. గడియారం కుడి చెవికి ఆనించి చూశాను, టిక్కుమనడం లేదు. వేలు ఆనిస్తే మాత్రం తెలుస్తోంది.

ఇది ఇక్కడ రాయడానికి అయిదు నెలలు పట్టింది. చెప్పడానికి ఎంత పడుతుందో.

అక్టోబర్ 26

యాభై రెండో నంబరు నుంచి మంచి ఇంజను దించి మూడో స్థానంలో ఎక్కించాం. ఆరు రోజుల్లో. నేనింత వేగంగా ఎప్పుడూ పని చేయలేదు. ఇవాళ మధ్యాహ్నం తిప్పారు. పొన్నప్ప సార్ రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. కలం తీసుకున్నాను. చెయ్యి కడుక్కొస్తానని చెప్పి బయటికి వచ్చేశాను.

సర్దార్ రెక్క కింద కూర్చుని పానాలు తుడుస్తున్నాడు. వెళ్ళి అతని కుడివైపు కూర్చోబోయి, లేచి, నా కుడి చెవి అతనివైపు ఉండేలా కూర్చున్నాను.

"సర్దార్‌జీ, ఆ రోజు నీ మాట నిజమే. నాకు వినబడలేదు. ఎడమ చెవి పోయింది. కుడిది సగమే ఉంది."

అతను తుడవడం ఆపలేదు. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"వానలప్పట్నుంచి. ఓ రోజు నీ ఎడమ పక్కన నిలబడి మీ అత్తగారిని నానా బూతులు తిట్టాను. నువ్వు నాకు టీ పోసిచ్చావు."

మా అత్తగారు పోయి పన్నెండేళ్ళయింది అన్నాను. అయితే ఆవిడకీ వినబడలేదులే అన్నాడు.

మరి పొన్నప్ప సార్‌కి ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే నిన్ను రైలెక్కిస్తారు, ఈ ఇంజను కడుపులో ఏది ఎక్కడుందో నాకు ఇంకా సగమే తెలుసు అన్నాడు.

"సంతకం పెట్టిన రోజు చెప్పేద్దామనే అనుకున్నా. మర్నాడు సార్ జీపు దగ్గరికి వెళ్ళాను కూడా. సార్ ఊళ్ళో లేడు. ఆ తర్వాత నువ్వు జల్లెడ విప్పడం చూశా. సరే, ఉస్తాదే చెప్తాడు అనుకున్నా. నువ్వు జల్లెడ సంగతి చెప్పావు. చెవి సంగతి చెప్పలేదు."

"లేదు."

"ఇంకో రెండ్రోజులు చూసేవాణ్ణి ఉస్తాదూ. ఆ తర్వాత నేనే చెప్పేవాణ్ణి. లోబో సాబ్‌కి పెళ్ళాం ఉంది, ఇద్దరు కూతుళ్ళున్నారు."

రేపు పొద్దున చెబుతానన్నాను. రేపెందుకు అన్నాడు. నిజమే. కానీ పొన్నప్ప సార్ అప్పటికే ఊళ్ళోకి వెళ్ళిపోయారు. రేపే.

అక్టోబర్ 27

చెప్పాను. నిలబడి, పూర్తిగా, మొదటినుంచీ. జలుబు అని చెప్పుకున్నది కూడా చెప్పాను.

పొన్నప్ప సార్ బల్ల మీది రిజిస్టరు మూశారు.

"మీ మాట మీద బచిత్తర్ సింగ్ నోరు మూయించానండీ," అన్నారు. అంతే. దానికంటే నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేది.

తర్వాత నన్ను సాయంత్రం రైలుకి వెళ్ళిపొమ్మన్నారు. నేను పెట్టిన సంతకాలన్నీ కొట్టేసి, నాలుగు ఇంజన్లూ సర్దార్ చేత మళ్ళీ పరీక్ష చేయించాలన్నారు. న్యాయమే. తలూపాను. అంతలో లోబో సాబ్ వచ్చాడు. సంగతి అంతా విన్నాడు. రైలెందుకు, విమానం వెళ్ళేది కూడా బెంగుళూరే కదా అన్నాడు. పొన్నప్ప సార్‌కి కోపం వచ్చింది.

లోబో సాబ్ తాపీగా చుట్ట ముట్టించాడు. "ఇదిగో పొన్నప్పా, పైకి వెళ్ళాక ఆ నాలుగింటి మోతలో నాకూ ఏమీ వినబడదు. నా వెనక మీటర్లు చూసేవాడొకడు కావాలి. ఈయన ఒకసారి తప్పు చేసి భయపడ్డాడు. ఇంకెప్పుడూ ఊరికే సంతకం పెట్టడు. సర్దార్ వింటాడు, ఈయన చూస్తాడు, ఇద్దరూ సంతకం పెట్టి ఇద్దరూ నాతో ఎక్కాలి. ఎక్కనంటే నేనూ ఎక్కను."

ఎక్కుతానన్నాను. సర్దార్ నా మొహం చూసి, తన జన్మలో ఇంజను కింద నిలబడ్డమే గానీ పైన కూర్చోలేదని, బీజీకి మాత్రం చెప్పొద్దని అన్నాడు.

అక్టోబర్ 29

నాలుగూ మళ్ళీ తిప్పాం. సర్దార్ విన్నాడు. నేను నాలుగు జల్లెళ్ళూ విప్పి అయస్కాంతం పెట్టాను. శుభ్రం. రిజిస్టరులో పక్కపక్కన రెండు సంతకాలు.

అక్టోబర్ 31, ఆదివారం. బెంగుళూరు

నిన్న వచ్చాం.

పొద్దున ఏడున్నరకి బయల్దేరాం. రన్‌వే చివరిదాకా పరుగెత్తింది, ఇక నేల అయిపోయింది అనుకున్నాక లేచింది. చక్రాలు లోపలికి ముడవలేదు. ముడిచే గొట్టాల మీద ఎవరికీ నమ్మకం లేదు, అందుకని ముందే కిందికి బిగించేశాం. కాళ్ళు చాపుకునే ఆరు గంటలు ఎగరాలి. ఉన్నది ఒకటే దిక్సూచి. లోబో సాబ్ రైలు పట్టాలు చూసుకుంటూ నడిపాడు.

నలుగురం. లోబో సాబ్, పక్కన ఇంకో పైలట్, వెనక మేమిద్దరం. మాటలు వినబడవు కాబట్టి పలక మీద సుద్దతో రాసుకుంటున్నాం, చేతులతో చెప్పుకుంటున్నాం. ఆ ఆరు గంటలూ నేను మిగతావాళ్ళతో సమానం.

నాగపూరు దాటాం. గోదావరి కనబడే వేళకి రెండో ఇంజను ఆయిల్ ఒత్తిడి ముల్లు దిగడం మొదలైంది. ముందు కాస్త. గేజిని వేలితో కొట్టాను. ఇంకా దిగింది. సర్దార్‌కి చూపించాను. అతను వెళ్ళి ఎడమ గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుని విని వచ్చాడు. చెయ్యి ఊపాడు: బాగుంది, గేజీయే చెడింది.

బాగుండవచ్చు. ఆ గేజీ నాలుగు పగిలిన గేజీల్లోంచి మేమే కూర్చింది. కానీ ముల్లు దిగుతోంది. ఇంజను ఆపితే మూడింటి మీద, చాపిన కాళ్ళతో, ఇంకా మూడు గంటలు. ఆపకపోతే, నూనె నిజంగానే పోతుంటే, నిప్పు. కింద రాళ్ళు, అడవి.

పలక మీద రాశాను: రెండు ఆపండి.

లోబో సాబ్ చదివి సర్దార్ వైపు చూశాడు. సర్దార్ తల అడ్డంగా ఊపాడు. లోబో సాబ్ మళ్ళీ నా వైపు చూశాడు. పలక చెరిపి మళ్ళీ అదే రాశాను.

ఆపాడు. దాని ప్రొపెల్లరు ఆకులు గాలికి అంచులు తిప్పుకుని నిలిచిపోయాయి. విమానం ఎడమకి వాలింది, లోబో సాబ్ కాలితో తొక్కి నిలబెట్టాడు. అక్కణ్ణుంచి ఎత్తు కొంచెం కొంచెంగా పోయింది. ఏడు వేల అడుగులు, ఆరు, నాలుగున్నర. లోబో సాబ్ కాలు పట్టేస్తే పక్కాయన తొక్కాడు. కృష్ణ దాటాం, తుంగభద్ర దాటాం. సర్దార్ మిగతా మూడింటిని విన్నాడు. నేను మిగతా మూడు ముళ్ళని చూశాను. ఎవరం ఎవరి వంకా చూసుకోలేదు.

రెండింటికి కార్ఖానా పక్కన దిగాం. నాకు దిగినట్టే తెలియలేదు. సర్దార్ కిందికి దూకి నేల మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా కుడి చెవి దగ్గర నోరు పెట్టి, మీ మద్రాసు బాగుంది ఉస్తాదూ అన్నాడు.

నవంబర్ 1

దీపావళి. సర్దార్ మా ఇంట్లోనే ఉన్నాడు. తాయమ్మ చేసిన రాగి ముద్ద నమలకుండా మింగడం నేర్పాం. రెండు తిని, ఇది తిన్నవాడు పడుకోవాలి గానీ ఇంజను ఎలా విప్పుతాడు అన్నాడు. పిల్లలు చిచ్చుబుడ్లు కాల్చారు. చూశాను.

రాత్రి తాయమ్మకి అంతా చెప్పాను. ఏడవలేదు. ఉగాదికి కాదు, ఇంకా అంతకు ముందే పోయింది, మీరు ఒప్పుకోలేదంతే అంది.

నవంబర్ 3

రెండో ఇంజను విప్పాం. నూనె నిండుగా ఉంది, శుభ్రంగా ఉంది. గేజీకి వెళ్ళే సన్నటి గొట్టం నొక్కుకుపోయింది. అంతే. మంచి ఇంజనుని ఆపించాను.

నేనే వెళ్ళి లోబో సాబ్‌కి చెప్పాను. భోజనం చేస్తున్నాడు. ఇప్పటికీ కాలు నొప్పిగానే ఉందన్నాడు.

"మళ్ళీ ముల్లు అలాగే దిగితే?"

"మళ్ళీ ఆపమనే రాస్తాను సాబ్."

"అయితే కూర్చో. చేప తింటావా?"

తిననని చెప్పి కాఫీ తాగి వచ్చాను.

నవంబర్ 4

డాక్టరు. ఎడమది సున్నా, కుడిది సగం. తిరిగి రాదు. ఇంజన్ల దగ్గర ఉంటే ఆ సగమూ పోతుంది అన్నాడు. కార్ఖానావాళ్ళు స్టోర్లో కుర్చీ ఇస్తామన్నారు. ఆలోచించి చెబుతానన్నాను.

నవంబర్ 6

రిజిస్టరు శుభ్రంగా తిరగరాయడానికి ఆఫీసులో ఒక పూట కూర్చున్నాను. మొదటి భాగం: ముప్పై ఒక్క యాత్రలు, గోడ మీది గీతల ప్రకారం. పందొమ్మిదో గీత చుట్టూ సున్నా ఉంది, కారణం తెలియదు. మాసికలు ముప్పై ఆరు. మూడో ఇంజను చట్రం ఒకసారి కాలి మార్చబడింది, తేదీ తెలియదు. రెండో భాగం: మేము చేసిన పని.

అక్టోబర్ 18 దగ్గర గుమస్తా పొన్నప్ప సార్ రిపోర్టులోంచి అప్పటికే ఎక్కించి పెట్టాడు. నంజుండయ్య అప్రమత్తత వల్ల. అది కొట్టేసి కింద రాశాను: మూడో ఇంజనులో చప్పుడును అక్టోబర్ 14న మొదట గుర్తించినవాడు బచిత్తర్ సింగ్. పరీక్షించిన మెకానిక్కు నంజుండయ్యకి చెవుడు వల్ల అది వినబడలేదు. వినబడకపోయినా సంతకం చేశాడు. మూడు రోజుల తర్వాత జల్లెడలో ఉక్కు రజను దొరికింది.

ఇలాంటివి రిజిస్టరులో రాయకూడదు, మీ ఉద్యోగానికి ఇబ్బంది అని గుమస్తా అన్నాడు. ఈ ఇంజను కింద రేపు ఎవరో కుర్రాడు నిలబడతాడు, వాడికి ఇది ఎందుకు మార్చారో తెలియాలి అన్నాను. సంతకం పెట్టాను.

నవంబర్ 10

వైమానిక దళం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. రిజిస్టరు రెక్క నీడలో నిలబడి మొదటి పుట నుంచి చివరిదాకా చదివాడు. మాసికలు ఒక్కొక్కటే వేలు పెట్టి లెక్క చూసుకున్నాడు. ముప్పై ఏడో మాసిక ఒకటి దొరికింది, నా లెక్కలో తప్పిపోయింది. ఎక్కించాం.

తర్వాత ఏదో అడిగాడు. ఇటువైపు నుంచి అడగండి సార్ అని చెవి చూపించాను. అంటే ఆ నంజుండయ్య మీరేనా అన్నాడు. నేనే అన్నాను. విమానం తీసుకున్నట్టు సంతకం పెట్టి, నాకు కూడా చెయ్యి ఇచ్చాడు.

నవంబర్ 13

సర్దార్ పోయిన వారమే చకేరీ తిరిగి వెళ్ళాడు. ఇవాళ పొన్నప్ప సార్ నుంచి తంతి, కార్ఖానాకి. నలభై నాలుగు మొదలుపెట్టాం, బచిత్తర్ సింగ్ తను ఒక్కడూ సంతకం పెట్టనంటున్నాడు, నంజుండయ్యను వెంటనే పంపండి.

స్టోర్లో కుర్చీ వద్దని చెప్పి వచ్చాను. ఆ సగం చెవి కూడా పోతుందేమోనని తాయమ్మకి భయం. నాకూ ఉంది. దూది, మైనం కలిపి చెవిలోకి గట్టి బిళ్ళలు చేసి ఇచ్చింది. ఇంజను తిరిగినప్పుడల్లా పెట్టుకుంటానని మాట తీసుకుంది.

"ఈసారి ఉత్తరంలో జలుబు అన్న మాట కనబడిందా, నేనే వచ్చేస్తాను," అంది.

నవంబర్ 29. చకేరీ

చలి. పొద్దున పానా పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

నలభై నాలుగుది ఒకటో ఇంజను ఇవాళ మొదటిసారి తిప్పాం. సర్దార్ విన్నాడు, బాగుందన్నాడు. మళ్ళీ విన్నాడు, బాగుందనే అన్నాడు. నేను జల్లెడ విప్పాను. ఒక మెరుపు. ఒకటే. అయస్కాంతానికి అంటుకుంది.

ఇద్దరం దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాం. ఒక్కటే కదా అని నేను అన్నాను. సర్దార్ రిజిస్టరు మూసి నిచ్చెన తెచ్చాడు.

రేపు పొద్దున్నే ఇంజను దించాలి.